ఇంటిపని (ప్రాథమిక తరగతులు)

ప్రాథమిక పాఠశాలలోని చిన్న తరగతులలో బడిలో నేర్పిన పాఠాన్ని ఇంటివద్ద తిరిగి చదవడానికి, వ్రాయడానికి, అప్పజెప్పడానికి ఉపాధ్యాయులు పిల్లలకు ఇచ్చే పనిని ఇంటిపని అంటారు. వాడుకలో హోంవర్క్ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొని చిన్న తరగతుల వారపు చదువు, ఇంటిపని ఈ వ్యాసంలో వివరించబడినవి. ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు అనంతపురం జిల్లాలో ఉండేవి.

తెలుగులో ఇంటిపని అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి బడి ఇచ్చిన పని, రెండవది ఇల్లు ఊడ్వడం, నీళ్ళు తేవడం, చంటిపిల్లలను ఎత్తుకోవడం వంటి ఇంటిలోని పని. చాలా ఇళ్ళలో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, సాయంత్రం పూట ఈ రెండు అర్థాలూ ఒకే గంట కోసం పోటీ పడతాయి. ఈ సంగతిని పక్కన పెట్టి ఇంటిపని మంచిదా, చెడ్డదా అని చర్చించడం వల్ల ప్రయోజనం తక్కువ.

చరిత్ర

ఈ ప్రాంతం 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో భాగం. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడే వరకు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో దేశీయ విద్యపై జిల్లాల నుండి వివరాలు కోరగా, బళ్ళారి కలెక్టరు ఎ.డి.కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక నాటి వీధిబడులను గురించి చాలా విలువైన సమాచారం ఇస్తుంది. దాని ప్రకారం జిల్లాలో 533 బడులు ఉండేవి. వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. మిగిలినవి మరాఠీ, సంస్కృతం, పారశీకం, తమిళం నేర్పేవి. ఇంగ్లీషు నేర్పే బడి ఒక్కటే. చదువుకునే పిల్లలు మొత్తం 6,641 మంది. అప్పటి జిల్లా జనాభా తొమ్మిది లక్షలకు పైబడి ఉండగా ఈ సంఖ్య చాలా చిన్నది.

ఆ నివేదికలో వర్ణించిన బడి ఉదయం ఆరు గంటలకు మొదలయ్యేది. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాడికి సున్న చుట్టేవారు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చిన వారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. (విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం నేడు ఇది నిషిద్ధం.) అయిదవ ఏట పిల్లవాడి చేత బియ్యంలో వ్రేలితో అక్షరాలు దిద్దించేవారు, ఆపైన బడిలో ఇసుకలో దిద్దించేవారు. తరువాత నల్లగా పూసిన చెక్క పలక, గంజి పెట్టిన గుడ్డకు బొగ్గు, బంక పట్టించి మడతలు వేసిన కడితం వాడుకలో ఉండేవి. వాటిపై బలపంతో వ్రాసి తడిగుడ్డతో తుడిచేవారు. పలక, బలపం అనే రెండు మాటలూ అప్పటి నుండి ఇప్పటి వరకు మారకుండా నిలిచినవి.

పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పేవారు. ఈ పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించడం తగినదేనని వ్రాశాడు. నివేదిక వర్ణించిన చదువంతా అయివారి ఎదుటే జరిగేది. ఎక్కాలు వల్లెవేయడమైనా, పద్యం అప్పజెప్పడమైనా బడిలోనే పూర్తయ్యేది. చదువు రాని తల్లిదండ్రుల వంతుగా ఏమీ మిగిలేది కాదు. దీనివల్ల ఆ కాలపు బడులు గొప్పవని చెప్పడానికి వీలులేదు. అత్యధిక సంఖ్యలో పిల్లలు, ఆడపిల్లలు దాదాపు అందరూ, బడి గుమ్మం ఎక్కలేదు. కలెక్టరు కూడా బడులు తగ్గిపోతున్నాయని, విదేశీ వస్త్రాల రాకతో చేతివృత్తులవారి ఆదాయం పడిపోవడం అందుకు ఒక కారణమని వ్రాశాడు. మగ్గం ఆదాయానికీ పిల్లల చదువుకూ ఉన్న ఈ సంబంధం ధర్మవరంలో ఇప్పటికీ కనిపిస్తుంది.

పూర్వపు బడులలో సెలవులు తిథులను బట్టి, అమావాస్య, పౌర్ణమి వంటి రోజులలో ఉండేవి. ఆదివారం సెలవుతో కూడిన వారం, దానితో పాటు సోమవారానికి చూపవలసిన వ్రాతపని, ఆధునిక పాఠశాలలతో వచ్చినవి.

వారపు చదువు

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. ఈ చట్టం ప్రకారం ఒకటి నుండి అయిదు తరగతులకు సంవత్సరానికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటారు. పల్లెలలోని చిన్న బడిలో అయిదు తరగతులను ఈ ఇద్దరే పంచుకుంటారు. ఒకరు ఒకటి, రెండు తరగతులను, మరొకరు మూడు, నాలుగు, అయిదు తరగతులను తీసుకోవడం సాధారణం. రెండవ తరగతికి లెక్క చెబుతున్నంతసేపు ఒకటవ తరగతి ఏదో ఒకటి వ్రాస్తూ ఉండాలి. అందువల్ల బడిలో జరిగే వ్రాతలో కొంత భాగం నిజానికి ఇంటిపని వంటిదే. పిల్లవాడు ఒంటరిగా, చూచి, వ్రాస్తాడు.

మొదటి తరగతిలో వారం నడక ఇంచుమించు ఇలా ఉంటుంది. సోమవారం ఒక బొమ్మ, దాని చుట్టూ మాటలు, ఒక చిన్న పాట. ఆ మాటలలో నుండి రెండు మూడు అక్షరాలను గుర్తించడం తరువాతి రోజులలో జరుగుతుంది. పదం నుండి అక్షరానికి వెళ్ళే ఈ పద్ధతిలో అక్షరాలు వర్ణమాల వరుసలో రావు. ఇంటివద్ద పెద్దలకు తెలిసినది అ ఆ ఇ ఈ వరుస కనుక, బడిలో ‘ల’, ‘త’, ‘వ’ ముందుగా రావడం చూచి పిల్లవాడికి ఏమీ చెప్పడం లేదని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. వారం మధ్యకు చూచిరాత, చివరకు ఉక్తలేఖనం వస్తాయి. లెక్కలలో చింతపిక్కలు, శనక్కాయలు లెక్కపెట్టడం, పదులు కట్టలు కట్టడం ఉంటాయి. వేరుశనగ పండే ప్రాంతం కావడంతో వీటికి కొరత లేదు. ఒక చిక్కు ఏమంటే, లెక్క పూర్తయ్యేసరికి కొన్ని తగ్గుతాయి.

2025-26 విద్యా సంవత్సరం నుండి శనివారాలను పుస్తకాల సంచి లేని రోజులుగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినది. ఆ రోజు ఆటలు, కథలు, బొమ్మలు వేయడం వంటి వాటికి ఉద్దేశించబడినది.

లిపి, వ్రాతపని

తెలుగు చిన్న తరగతులలో వ్రాతపని ఎక్కువగా ఉండడానికి లిపి కూడా ఒక కారణం. ఋత్వాలను విడిచిపెడితే ఒక హల్లుకు తలకట్టు మొదలు విసర్గ వరకు 14 రూపాలు. 35 హల్లులకు లెక్క వేస్తే 490 అవుతాయి. ఒత్తులు దీనికి అదనం. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా కంఠస్థం చేయనవసరం లేదు. గుడి, కొమ్ము, ఏత్వం వంటి గుర్తులు ఎక్కడ చేరుతాయో తెలిస్తే పిల్లవాడు మిగిలినవి తానే కట్టుకోగలడు. అయితే ‘మి’, ‘యి’, ‘ఘు’ వంటివి సూత్రానికి సులభంగా లొంగవు. ప-వ, న-స, మ-య, బ-భ జంటలలో తడబాటు సహజం.

‘క గుణింతం పదిసార్లు’ అని ఇచ్చే ఇంటిపనిలోని లోపం ఇక్కడే తెలుస్తుంది. పిల్లవాడు అడ్డంగా ఒక వరుస వ్రాయడు. నిలువుగా పది ‘క’లు, ఆపైన పది దీర్ఘాలు, తరువాత పది గుడులు పెడతాడు. పని త్వరగా పూర్తవుతుంది, కానీ ‘కి’ అనే శబ్దానికీ ఆ రూపానికీ సంబంధం మనసులో ఏర్పడదు. మొదటి వరుసలో తప్పు పడితే అదే తప్పు పదిసార్లు అభ్యాసమవుతుంది. దీనికి బదులు తన పేరు, అమ్మ పేరు, ఊరి పేరు, ఇంటిలోని అయిదు వస్తువుల పేర్లు వ్రాసుకొని రమ్మంటే, వ్రాసేది తక్కువైనా ప్రతి అక్షరం కోసం పిల్లవాడు ఆలోచించవలసి వస్తుంది.

ప్రాంతీయ పరిస్థితులు

2011 జనాభా లెక్కల ప్రకారం నాటి అనంతపురం జిల్లా అక్షరాస్యత 63.57 శాతం. చదువు రాని పెద్దలున్న ఇళ్ళ నుండి బడికి వచ్చే మొదటి తరం పిల్లలు ఇక్కడ తక్కువేమీ కాదు. ఇటువంటి పిల్లవాడు ఖాళీ పుస్తకంతో వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు నిజంగా చూస్తున్నది అతని శ్రద్ధను కాదు, అతని ఇంటి స్థితిని. పక్కింటి పిల్లవాడికి ట్యూషన్‌లో పూర్తిచేయించిన అదే పనికి ‘చాలా బాగుంది’ అని వ్రాస్తే, వారం వారం ఇద్దరి మధ్య దూరం పెరుగుతుంది. పని పూర్తికాని పిల్లలు సోమవారం బడి మానడం ఉపాధ్యాయులకు పరిచయమైన విషయమే.

హిందూపురం కర్ణాటక సరిహద్దున ఉన్నది. పట్టణంలో, చుట్టుపక్కల మండలాలలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ ఇంటి భాషలుగా ఉన్నాయి. మడకశిర ప్రాంతంలో కన్నడ మాధ్యమపు ప్రభుత్వ పాఠశాలలు ఉన్నాయి. ఇంట ఒక భాష, బడిలో తెలుగు, పాఠ్యపుస్తకం ఎదుటి పుటలో ఇంగ్లీషు (2020-21 నుండి రెండు భాషల పుస్తకాలు ఇవ్వబడుతున్నవి), ఇలా మూడింటి మధ్య ఆరేళ్ళ పిల్లవాడు నిలబడతాడు. కన్నడ, తెలుగు లిపుల పోలిక వలన కన్నడం చదువుకున్న తల్లి తెలుగు వాచకాన్ని కొంతవరకు పోల్చుకోగలదు. ఉర్దూ చదువుకున్న తల్లికి ఆ వీలు లేదు.

ధర్మవరం పట్టుచీరలకు ప్రసిద్ధి. చాలా ఇళ్ళలో మగ్గం ఇంటిలోనే ఉంటుంది. నేత, కండెలు చుట్టడం, రంగుల పని ఇంటిల్లిపాదీ చేసే పని. మగ్గం చప్పుడు ఉన్న గదిలోనే పిల్లలు పుస్తకం తెరవాలి. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించినది. కానీ ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తరువాత, సెలవులలో సహాయం చేయడాన్ని అనుమతించినది. అంటే చట్టం బడి గంటలను కాపాడినది గాని సాయంత్రాన్ని కాపాడలేదు. ఇంటిపని చేయవలసినది ఆ సాయంత్రమే.

పెనుకొండ పరిసర గ్రామాలలో వర్షాధారపు వేరుశనగ సేద్యం ప్రధానం. అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వానలు తప్పిన సంవత్సరాలలో కుటుంబాలు బెంగుళూరుకు కూలిపనులకు వెళ్ళడం ఉన్నది. పిల్లలు అవ్వాతాతల వద్ద ఉండిపోతారు, లేదా బడి మధ్యలో వదలి వెంట వెళతారు. ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారం వచ్చిన తరువాత కొన్ని ఇళ్ళలో నెలజీతం ఏర్పడినది.

నియమాలు, పరిశోధనలు

ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1993లో ఇచ్చిన నివేదిక ప్రాథమిక తరగతులకు ఇంటిపని ఇవ్వరాదని, ఇచ్చినా పరిసరాలను పరిశీలించే పనులకే పరిమితం కావాలని సూచించినది. 2018లో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఇవ్వరాదని ఆదేశించినది. అదే సంవత్సరం కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ ఈ విషయమై రాష్ట్రాలకు సూచనలు పంపినది. 2020 నాటి పాఠశాల సంచి విధానం ప్రకారం రెండవ తరగతి వరకు ఇంటిపని లేదు. మూడు నుండి అయిదు తరగతులకు వారానికి గరిష్ఠంగా రెండు గంటలు, అంటే ఆరు రోజులకు పంచితే రోజుకు ఇరవై నిమిషాలు. సంచి బరువు పిల్లల శరీర బరువులో పదవ వంతు దాటరాదు.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. ఫ్రాన్సులో ప్రాథమిక పిల్లలకు ఇంటివద్ద వ్రాతపని ఇవ్వరాదని 1956లోనే ఉత్తర్వు వెలువడినది. అక్కడా అది పూర్తిగా అమలు కాలేదు. అమెరికాలో హారిస్ కూపర్ 1989లోనూ, సహచరులతో కలిసి 2006లోనూ అనేక అధ్యయనాలను సమీక్షించి, ఇంటిపనికీ చదువులో ఫలితాలకూ సంబంధం పై తరగతులలో కంటే చిన్న తరగతులలో చాలా బలహీనంగా ఉన్నదని తేల్చాడు.

నియమం ఉన్నా ఇంటిపని ఆగకపోవడానికి తల్లిదండ్రుల కోరిక ఒక కారణం. ప్రైవేటు పాఠశాలకు రుసుము కట్టే తండ్రి బడిలోకి వచ్చి చూడలేడు. సాయంత్రం నిండిన పుస్తకమే అతనికి కనిపించే రుజువు. డైరీలో ఏమీ వ్రాయకపోతే ఏమీ చెప్పలేదనుకుంటాడు. ప్రభుత్వ పాఠశాలలు కూడా ఈ పోలికకు కొంతవరకు లొంగినవి.

కరోనా వ్యాధి కారణంగా 2020 మార్చిలో బడులు మూతపడి, రాష్ట్రంలో ప్రాథమిక తరగతులు 2021 ఫిబ్రవరి 1న తిరిగి తెరవబడినవి. ఆ కాలంలో దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు ప్రసారమైనవి. చరవాణికి ఇంటిపని పంపడం అప్పుడే విస్తరించి, బడులు తెరిచాక కూడా చాలాచోట్ల కొనసాగినది.

ఇతర పద్ధతులు

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ వారు పల్లె బడుల కోసం రూపొందించిన బహుళ తరగతి పద్ధతిలో పాఠాలు కార్డులుగా, వరుస మెట్లుగా ఉంటాయి. పిల్లవాడు తన మెట్టు నుండి తాను ముందుకు సాగుతాడు. నాలుగు రోజులు ఊరికి వెళ్ళి వచ్చినా ఆగిన చోటి నుండే మొదలుపెట్టవచ్చు. వలసలున్న ప్రాంతానికి ఇది ముఖ్యమైన సౌకర్యం. దీనిని చూచి వచ్చిన ఉపాధ్యాయుల కృషితో కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో ‘నలి-కలి’ ప్రారంభమై, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించినది.

వ్రాత లేని ఇంటిపనికి ఈ ప్రాంతంలో కావలసినంత సామగ్రి ఉన్నది. ధర్మవరంలో చీర అంచులోని రంగులు ఏ వరుసలో వస్తున్నాయో చూచి రావడం, పెనుకొండలో కోటను గురించి అవ్వ చెప్పిన కథను మరునాడు బడిలో చెప్పడం, హిందూపురంలో సంతకు వెళ్ళి వచ్చి కూరగాయల పేర్లు రెండు భాషలలో చెప్పడం ఇటువంటివి. లేపాక్షి నంది ఒకే రాతితో చెక్కబడినది, పొడవు సుమారు 27 అడుగులు. బడి ఆవరణలో అంత పొడవున గీత గీసి, దానిపై ఎంతమంది పిల్లలు వరుసగా నిలబడగలరో లెక్కించడం రెండవ తరగతి పిల్లలు చేయగల పని. ఇటువంటి పనులను చదువు రాని తల్లిదండ్రులు కూడా చేయించగలరు. అయితే వీటిని మరునాడు తరగతిలో వినడానికి ఉపాధ్యాయునికి సమయం కావాలి. ముప్పై మంది పిల్లలు ఒక్కొక్కరు ఒక్క నిమిషం మాట్లాడినా అరగంట పడుతుంది, రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నచోట ఆ అరగంట దొరకడం కష్టం. ముప్పై పుస్తకాలపై సంతకం పెట్టడానికి అయిదు నిమిషాలు చాలును.