అడవికి మారకము

బడిలో నేను మారకపు లెక్కలు పెక్కు చెప్పితిని. అడవిని మార్చుకొను లెక్క వానివలె తేలదు.

అమెరికా ప్రభుత్వము 1864లో నార్తరన్ పసిఫిక్ రైలు కంపెనీకి దారి కిరువైపుల చదరపు మైలు విడిచి చదరపు మైలుగ భూమి నొసగెను. మిగిలిన గళ్ళలో పెక్కు తరువాత ప్రభుత్వపుటడవు లయ్యెను. చదరంగపు బల్లవలె ఒక గడిలో సర్కారు వృక్షములు, ప్రక్కగడిలో కంపెనీ గొడ్డలి!

అడవిలోని ప్రైవేటు భూమిని తీసికొని, సమానమైన వెలగల సర్కారు భూమినో కలపనో ఇచ్చుటకు 1922 నాటి చట్టము వీలు కల్పించెను. వెలలోని తేడాను నూటికి 25 వరకు రొక్కముతో సరిపుచ్చవచ్చుననియు, మారకము ప్రజాహితమునకై యుండవలెననియు 1976 నాటి శాసనము విధించెను.

కలపకు వెల కట్టవచ్చును. వాగునకు నీడపట్టు ముదుసలి చెట్టున కెవరు కట్టగలరు? కావున వెల సమమైనంతనే మారకము సమమని నమ్మరాదు. ఇచ్చు నేలను, పుచ్చుకొను నేలను నడచి చూచిన పిమ్మటనే అధికారులు వ్రాలు చేయవలెను.