మోటారుసైకిలు గ్రిప్పులు జాఱకుండుటకు ఉపాయములు

నాగలి మేడి చేతిలో వదులైనచో చాలు వంకరపోవునని ప్రతి రైతునకును తెలియును. పారకఱ్ఱ కదలుచుండగా గట్టు చెక్కుట కెవ్వరును పూనుకొనరు. కాని మన సభ్యులలో ననేకులు మోటారుసైకిలు హ్యాండిలు చివరనుండు రబ్బరు గ్రిప్పు గుండ్రముగ తిరుగుచున్నను, ప్రక్కకు జరుగుచున్నను, "బండి నడచుచున్నది గదా" యని కాలము గడపుచున్నారు. పాలకేనులతోను, ఎరువు బస్తాలతోను బురదలో బండి నడుపువానికి ఆ రెండు గ్రిప్పులే మేడి. కావున వీనిని గూర్చి యీ మాసము కొంచెము వివరముగ వ్రాయుచున్నాము.

మా యనుభవమునే మొదట చెప్పుదుము. ఒక వర్షాకాలమున మా బండికి క్రొత్త గ్రిప్పులు మేమే తొడిగితిమి. రబ్బరు సులభముగ నెక్కుటకై లోపల కొంచెము ఇంజిను నూనె పూసితిమి. గ్రిప్పులు క్షణములో నెక్కినవి. మా నేర్పునకు మేమే సంతోషించితిమి. మఱునాడు నారుమడులు చూడబోవుచుండగా కాలువగట్టుపై నొక గోతిలో చక్రము దిగెను. ఆ కుదుపునకు ఎడమచేతి గ్రిప్పు ఊడి మా చేతిలోనికి వచ్చెను. బండితో గూడ గట్టు దిగువనున్న వరిమడిలో పడితిమి. రెండవ ప్రక్కన నిండుగ పాఱుచున్న కాలువ యుండెను. అటు పడియుండినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. తప్పు గ్రిప్పుది కాదు, అమ్మినవానిది కాదు. నూనె పూసిన మాదే.

జాఱుటకు కారణములు

గ్రిప్పు రంధ్రము హ్యాండిలు గొట్టముకంటె నించుక చిన్నదిగా చేయబడును. రబ్బరు సాగి గొట్టమును నలుప్రక్కల నదిమి పట్టుకొనును. ఆ పట్టునకు ఆధారము రబ్బరునకును లోహమునకును గల రాపిడియే. నడుమ నూనె గాని, గ్రీజు గాని, నీరు గాని పొరగా చేరినచో రాపిడి తగ్గి గ్రిప్పు జాఱును.

పారకఱ్ఱ వదులైనపుడు మనము నీట నానవేయుదుము. కఱ్ఱ నీరు పీల్చి ఉబ్బి బిగియును. రబ్బరు గుణ మట్టిది కాదు. అది కఱ్ఱవలె నీటికి ఉబ్బి బిగియదు. లోపల చేరిన నీరు జాఱుటకే తోడ్పడును. కావున బండిని కడుగునపుడు మోటారు నీటిధారను గ్రిప్పు అంచులకు సూటిగ పట్టరాదు.

రెండవ కారణము రబ్బరు ముదిమి. ఎండకు నిలిచిన బండి గ్రిప్పులు పగుళ్లు పట్టును. పెట్రోలు, ఇంజిను నూనె తగిలిన రబ్బరు మెత్తబడి, సాగి, బిగువు కోల్పోవును. అట్టి గ్రిప్పును మరల బిగింప ప్రయత్నించుట వ్యర్థము, క్రొత్తది కొనవలయును.

మూడవది కొలత తప్పుట. సాధారణముగ మోటారుసైకిలు హ్యాండిలు గొట్టపు వ్యాసము గ్రిప్పు ఉండుచోట సుమారు 22 మిల్లీమీటర్లు. కుడిప్రక్క యాక్సిలరేటరును త్రిప్పు ప్లాస్టిక్ గొట్టము దానిపై నుండును గాన, కుడి గ్రిప్పు రంధ్రము ఎడమదానికంటె పెద్దది. కుడిదానిని ఎడమప్రక్క తొడిగినచో అది బిగువుగ నిలువదు. కొనునపుడు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలయును.

తొడుగు విధము

1. పాత గ్రిప్పును తీయుట: పాడైన గ్రిప్పును నిలువున బ్లేడుతో కోసి ఒలిచివేయుట సులభము. కుడిప్రక్క ప్లాస్టిక్ గొట్టము తెగకుండ చూచుకొనవలయును. మంచి గ్రిప్పును తీయవలసినచో, పంక్చరు దుకాణమున గాలి గొట్టపు కొనను గ్రిప్పు అంచుక్రింద దూర్చి గాలి కొట్టించిన రబ్బరు ఉబ్బి జాఱివచ్చును.

2. శుభ్రపఱచుట: గొట్టముపై నున్న పాత జిగురును, తుప్పును గరుకు కాగితముతో రుద్ది తీయవలయును. కుడిప్రక్క ప్లాస్టిక్ గొట్టము నునుపుగ నున్నచో దానిని గూడ కొంచెము గరుకు చేయవలయును. తరువాత స్పిరిటులో ముంచిన గుడ్డతో గొట్టమును, గ్రిప్పు లోపలిభాగమును తుడిచి ఆఱనీయవలయును. కిరసనాయిలు, డీజిలు జిడ్డు పొరను వదలును గాన వాడరాదు. ఈ పనిలో ముఖ్యమైనది శుభ్రతయే. దీనిని వదలి జిగురు పూసినచో డబ్బు దండుగ.

3. జిగురు: గ్రిప్పులకని ప్రత్యేకముగ నమ్మబడు జిగురు విడిభాగముల దుకాణములలో దొరకును. దానిని గ్రిప్పు లోపలను, గొట్టముపైనను పలుచగ పూసి, ఆగక ఒక్క ఊపున త్రిప్పుచు తొడుగవలయును. నడుమ నాగినచో జిగురు పట్టుకొని గ్రిప్పు సగములో నిలిచిపోవును. గాజువలె పెళుసుగ గట్టిపడు జిగుళ్లు కుదుపులకు పగులును గాన పనికిరావు. తొడిగిన పిదప ఒక రాత్రియైనను బండిని కదల్పరాదు.

4. తీగకట్టు: మట్టిదారులలో మోటోక్రాస్ పందెములు నడుపువారు జిగురుతో తృప్తిపడక, గ్రిప్పుపై గల గాడులలో తుప్పుపట్టని సన్నని ఉక్కుతీగను చుట్టి బిగింతురు. 0.8 మిల్లీమీటర్ల తీగ చాలును. రెండు మూడు చోట్ల చుట్టి, కొనలను పటకారుతో మెలిపెట్టి, కత్తిరించి, మిగిలిన ముక్కను రబ్బరులోనికి వంచవలయును. ఆ కొన అరచేతికి తగులని ప్రక్క నుండవలయును. ఇంటికప్పు పనులలో వాడు బైండింగు తీగ త్వరలో తుప్పుపట్టును.

మరలతో బిగించు గ్రిప్పులు గూడ కలవు. వెల యెక్కువయైనను వీనికి జిగురు అక్కఱలేదు. మరలను అతిగ బిగించినచో గాడి చెడును.

కుడిప్రక్క జాగ్రత్త

ఎడమ గ్రిప్పు ఊడినచో పట్టు పోవును. కుడి గ్రిప్పు జాఱినచో అపాయము రెండు విధములు. గ్రిప్పు తిరిగి లోపలి గొట్టము తిరుగనిచో, ఏటవాలు గట్టు ఎక్కునపుడు ఇంజినుకు బలమందదు. గ్రిప్పు లోనికి జరిగి స్విచ్చిపెట్టెను ఒరసికొన్నచో, యాక్సిలరేటరు వెనుకకు రాక బండి ఆగక పరుగెత్తును. కావున కుడి గ్రిప్పు లోపలి అంచునకును పెట్టెకును నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు విడువవలయును. ప్లాస్టిక్ గొట్టము లోపలికి జిగురు బొట్టైనను పోరాదు.

జిగురు ఆఱిన పిదప ఇంజిను ఆపియుంచి, హ్యాండిలును ఎడమకు, నడుమకు, కుడికి త్రిప్పి, ప్రతి స్థానమునను యాక్సిలరేటరు పూర్తిగ త్రిప్పి వదలి చూడుడు. అది తనంతట తానే వెంటనే వెనుకకు రావలయును. తరువాత బండిని నిలిపియుంచి, ఇంజినును మెల్లగ నడుపుచు, హ్యాండిలును రెండు ప్రక్కలకును త్రిప్పుడు. శబ్దము హెచ్చినచో తీగ ఎక్కడనో లాగబడుచున్నదని యెఱిగి మెకానిక్కునకు చూపవలయును. ఈ పరీక్ష కాకుండ బండి నెక్కరాదు.

హ్యాండిలు కొనలు ఎప్పుడును మూసియుండవలయును. గ్రిప్పు కొన చినిగి ఇనుపగొట్టము బయటపడినచో, పడినపుడు అది కడుపులో దిగు ప్రమాదము కలదు.

నెల కొకసారి, రెండు గ్రిప్పులను గట్టిగ మెలిపెట్టి లాగి చూచుట అర నిమిషపు పని. ఒక జిగురు సీసా కొన్ని బండ్లకు వచ్చును. మూత తీసిన పిదప నిలువయుంచిన గట్టిపడును. కావున ఒక్కొక్కరు వేఱుగ కొనుటకంటె, ఇద్దఱు ముగ్గురు సభ్యులు కలిసి సీసాను, తీగచుట్టను కొని, ఒకేనాడు పని ముగించుకొనుట లాభకరము. మేడి బిగించుకొనియే అరక కట్టు రైతులు, గ్రిప్పు బిగించుకొనియే బండి తీయుదురుగాక.