రెండు సూదులు కనిపించిన సాయంత్రం

పురుటికని అద్దంకి దగ్గర పుట్టింటికి వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. 33వ వారం నడుస్తోంది. జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని కదా, చేతులు ఊరికే ఉండవు. అమ్మ చీరకు ఫాల్ వేద్దామని కూర్చున్నా. దారం ఎంతకీ ఎక్కదు. కళ్లు నులుముకుని చూస్తే చేతిలో రెండు సూదులు కనిపించాయి.

పొద్దుట్నుంచీ తలనొప్పి. బామ్ రాసినా, పారాసెటమాల్ వేసుకున్నా తగ్గలేదు. పక్కటెముకల కింద కుడివైపు పట్టేసినట్టు నొప్పి. మధ్యాహ్నం తిన్నది అరగలేదనుకున్నాం. కాళ్లు వాస్తే అమ్మ ‘నీరు దిగింది, నెలలు నిండేటప్పుడు మామూలే’ అంది. వాపు కాళ్ల వరకే అయితే ఆ మాట చాలామంది విషయంలో నిజమే. నాకు నాలుగు రోజుల్లో మొహం ఉబ్బింది, ఉంగరం బిగిసింది, మెట్టెలు వేళ్లలోకి దిగబడ్డాయి.

పక్క వీధిలో ఉండే ఏఎన్ఎం అక్కను అమ్మ పిలుచుకొచ్చింది. అక్క చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది. 168/112. మారుమాట లేకుండా 108కి ఫోన్ చేసింది.

“ఎనిమిదో నెలమ్మా, రాత్రిపూట బండెక్కించకూడదు. తెల్లారాక తీసుకెళ్తాం” అంది అమ్మ.

“పిన్నీ, ఈలోపు ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రమాదం. చీర మార్చుకోమను, చాలు” అంది అక్క.

దీని పేరు ప్రీఎక్లాంప్సియా. ఫిట్స్ దాకా వెళ్తే ఎక్లాంప్సియా. పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దాన్నే. కడుపుతో ఉన్నామె 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నా, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతింటున్నా ఈ జబ్బు ఉన్నట్టే. 160/110కి చేరితే ఒక్క పూట కూడా ఆగకూడదు. మూలం మాయలో ఉందంటారు డాక్టర్లు. తొలి నెలల్లో మాయకు రక్తం తెచ్చే నాళాలు సరిగా వెడల్పు కాకపోతే, ఆ మాయ నుంచి తల్లి రక్తంలోకి చేరే పదార్థాలు ఒళ్లంతా రక్తనాళాలను పాడుచేస్తాయి. అందుకే కంటి బాధ, తలనొప్పి, కడుపునొప్పి అన్నీ ఒక్కసారే వచ్చాయి. నా కుడిపక్క నొప్పి అజీర్తిది కాదు, కాలేయానిది. రెండు వారాల ముందే చూపించుకున్నా, అప్పుడు 120/80 ఉంది. ఆ అంకె చూసుకుని ధైర్యంగా ఉన్నాను.

ఒంగోలు చేరేసరికి రాత్రి పదిన్నర. మూత్రంలో ముంచిన పసుపు పట్టీ ముదురాకుపచ్చకు తిరిగింది. సిస్టర్ నా వేళ్లకు సబ్బు రాసి మెట్టెలు తీసి అమ్మ చేతిలో పెట్టింది. తర్వాత మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు: 4 గ్రాములు నరంలోకి మెల్లగా, రెండు పిరుదులకూ చెరో 5 గ్రాములు. ఒంట్లో పొయ్యి రాజేసినట్టు వేడి మొహం దాకా పాకింది. ఇది ఖరీదైన మందేమీ కాదు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై పరిశోధనలో, ఫిట్స్ ముప్పును ఇది సగానికి పైగా తగ్గించిందని తేలింది.

మందు ఎక్కువైతే ఊపిరే ఆగిపోవచ్చు. అందుకని సిస్టర్ మూత్రం కొలిచేది, శ్వాసలు లెక్కపెట్టేది, చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టేది. కాలు ఠక్కున ఎగిరేది.

“ఇదెందుకు సిస్టర్?”

“కాలు ఎగిరితే మందు హద్దులో ఉన్నట్టమ్మా. ఎగరకపోతే తర్వాతి డోసు ఆపేస్తాం.”

ఆ రాత్రంతా సుత్తి తగిలినప్పుడల్లా నా కాలి వైపే చూస్తూ పడుకున్నాను.

అమ్మ భయం వేరు. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ దక్కదని చిన్నప్పట్నుంచీ విన్న మాట. డాక్టర్ మేడం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు: కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే, ఏడో నెల కంటే ఎనిమిదో నెలే నయం. ఆ మాట ఇంకా ఎన్ని ఇళ్లలో చెప్పాల్సి ఉందో! 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు పొడిచారు. అవి నా కోసం కాదు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి. నాలుగోది అయిన మర్నాడు ఆపరేషన్ చేశారు. బిడ్డా మాయా బయటికి వస్తేగాని ఈ జబ్బు దిగదు.

ఆడపిల్ల. 1,760 గ్రాములు. మొదటి రోజు దాన్ని అద్దంలోంచే చూశాను. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చని నాకు మరో 24 గంటలు ఆ వేడి మందే ఇచ్చారు. పదకొండు రోజుల తర్వాత పిల్లను నా రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా గుడ్డతో కట్టారు. పిడికిలి నా వేలి కణుపంత లేదు, పట్టు మాత్రం వదల్లేదు.

ఇంటికి పంపేటప్పుడు మేడం మరీమరీ చెప్పారు. మళ్లీ నెల తప్పితే ఆలస్యం చేయకుండా వచ్చి ఈ సంగతంతా చెప్పాలట. డాక్టర్ చూసి 12 వారాల నుంచి తక్కువ మోతాదులో ఆస్పిరిన్ మొదలుపెడితే ముప్పు తగ్గుతుందట. సొంతంగా మాత్రం వేసుకోకూడదు.

ఆరు వారాలకు బీపీ 118/76. ఆ రోజు అమ్మ దేవుడి గూట్లోంచి మెట్టెలు తీసిచ్చింది. ఎడమకాలి వేలి మీద అవి నొక్కుకుపోయిన గీత ఇంకా ఉంది. వాటిని ఆ గీత పైనే తొడుక్కున్నాను.