శుక్రవారమే ఆదివారం

ఏషియన్ టౌన్‌కు మనవాళ్లలో చాలామంది పోయేది రెండు పనుల మీద. ఒకటి క్రికెట్టు, రెండోది చవగ్గా దొరికే సరుకులు. మేమూ అంతే. ఇండస్ట్రియల్ ఏరియా పక్కన, లేబర్ సిటీని ఆనుకుని ఉన్న ఆ చోటికి దోహా నడిబొడ్డునుంచి పోతే వేరే దేశంలో దిగినట్టుంటుంది. క్రికెట్ స్టేడియం, సినిమా హాళ్లు, ఆరుబయలు రంగస్థలం, అంగళ్లు, అన్నీ రెక్కల కష్టం మీద బతికేవారికోసం కట్టినవి. 2015 నవంబరులో తెరిచిన లేబర్ సిటీలో దాదాపు 70 వేలమంది ఉండేటట్టు గదులు కట్టారు. 2022లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ జరిగినప్పుడు, ఆ స్టేడియాల దగ్గర చెమటోడ్చినవారిలో ఎందరో ఆట చూసింది ఇక్కడి క్రికెట్ మైదానంలో వేసిన పెద్ద తెర మీదే. ఇదంతా చదువరులకు తెలిసిన సంగతే.

తెలియని సంగతి ఒకటి మాకు ఆమధ్య అక్కడే తెలిసివచ్చింది. అది మా తప్పుతోనే మొదలయింది కనుక ముందు ఆ తప్పు చెప్పుకుంటాం.

లోగడ ఒక సంక్రాంతి సంబరానికి డప్పు వాయించేవారు కావాలని వెతికాం. పిల్లలు పుట్టి బుద్ధెరిగింది ఇక్కడే, డప్పు చప్పుడు రికార్డులో తప్ప వినలేదు. ఏషియన్ టౌన్ దగ్గర గదిలో ఉంటున్న ఒకాయన బ్రహ్మాండంగా వాయిస్తాడని ఎవరో చెప్పారు. కనిగిరి అవతల పల్లె. పేరు రాయం, ఆయనకు ఇష్టముండదు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పార్కులో కార్యక్రమం, కారు పంపిస్తాం, మూడు వందల రియాళ్లు ఇస్తాం అని ఫోను చేశాం. నెలకు వెయ్యి రియాళ్ల చిల్లర జీతం మీద ఉన్న మనిషికి అది చిన్న మొత్తం కాదు.

"వందనాలన్నా. శుక్రవారం పొద్దున రాలేనన్నా. సాయంత్రం పెట్టుకుంటే డబ్బులు లేకుండానే వస్తా" అన్నాడు.

పొద్దున ఏం పని అని అడిగితే, చర్చి అన్నాడు. నాలుగు వందలన్నాం. నవ్వి, రానన్నాడు.

ఆ మాట మా కమిటీలో ఎవరికీ రుచించలేదు. "కూలికి వచ్చినవాడికి ఇంత పట్టింపేమిటి? ఒక్క వారం పోకపోతే దేవుడు గైర్హాజరు వేస్తాడా?" అని ఒకరన్నారు. మేమూ నవ్వాం. ఆ ఏడు డప్పు రికార్డుతోనే సరిపెట్టాం.

తరువాత నెల రోజులకు రక్తపోటు పరీక్షల శిబిరం పని మీద ఏషియన్ టౌన్‌కు పోయినప్పుడు, పరీక్ష చేయించుకోవడానికి వచ్చిన వరసలో ఆయనా ఉన్నాడు. గుర్తుపట్టి పక్కకు పిలిచి కరక్ చాయ్ తాగుతూ అడిగాం, నిష్ఠూరంగానే. ఆయన చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

"ఆరు రోజులు కంపెనీకి ఇస్తన్నా గదన్నా. ఈ ఒక్క పూట దేవుడిది. నాదయితే మీకు ఇచ్చేవోణ్ణి. నాది కాందాన్ని ఎట్టా ఇచ్చేది?"

ఆ జవాబు విన్నాక, కనిగిరి అన్న ఊరి పేరు మాలో ఒకరికి ఎప్పుడో చదివిన ఒంగోలు మిషను చరిత్రను గుర్తుచేసింది. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాం. నూట యాభై ఏళ్ల కిందట అదే సీమలో, అదే కులపు మనుషులు, దాదాపు ఇదే మాట అన్నందుకు పడిన పాట్లు అందులో ఉన్నాయి.

ఆ కథ టూకీగా ఇది. ఎర్రగుంట్ల పేరయ్య అని మాదిగ పెద్ద ఒకాయన ఉండేవాడు. తోళ్ల వ్యాపారం మీద దూరాభారాలు తిరిగేవాడు, ఒక గురువు దగ్గర యోగం అభ్యసించినవాడు, దేవుడి కోసం వెతుకులాటలో ఉన్నవాడు. 1866లో క్రైస్తవం పుచ్చుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అదే నెలలో పేరయ్య ఊరు తలకొండపాడు ప్రాంతానికి పోతే, పేరయ్య అప్పటికే ఇల్లిల్లూ తిరిగి చెప్పి ఉంచినవారిలోంచి 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. (క్లౌ దొర పేరు అందరికీ తెలుసు, పేరయ్య పేరు ఒంగోలువారిలోనే చాలామందికి తెలియదు. ఆయన మనుషుల కథలు క్లౌ భార్య ఎమ్మా 'వైల్ సూయింగ్ సాండల్స్' అనే పుస్తకంగా 1899లో అచ్చువేయించారు.)

కొత్తగా చేరినవారు పాటించవలసినవి ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఎంత తేలిక! కాని ఆనాటి పల్లెలో మాదిగ బతుకు నడిచేదే ఆ మూడింటి మీద. రైతుకు చెప్పులూ కపిల తోళ్లూ కుట్టివ్వాలి, పిలిచిన రోజున వెట్టికి పోవాలి, చచ్చిన గొడ్డును మోసుకుపోవాలి, అమ్మవారి జాతరలో డప్పు కొట్టాలి. ఆదివారం పనికి రామంటే రైతుకు కోపం, జాతరలో డప్పు కొట్టమంటే ఊరంతటికీ కోపం. ఊరి పెద్దలు కట్టు కట్టారు. నీళ్లు ముట్టనివ్వలేదు, కోమటి సరుకు అమ్మలేదు, పని ఇవ్వలేదు. కత్తులూ మంటలూ ఏమీ లేవు. రేపు గింజలు దొరకకుండా చేయడమే ఆ హింస. రోమను చక్రవర్తుల కాలపు హతసాక్షుల కథలు మనం సినిమాల్లో చూసి కళ్లు తుడుచుకుంటాం కాని, ఇంట్లో పిల్లలు ఆకలికి ఏడుస్తుండగా "ఒక్క ఆదివారం పోయి వస్తే ఏం" అనుకోకుండా నిలబడటం సింహాల బోనుకన్నా తేలికని మాకు తోచదు.

'కూటికోసం మతం మార్చుకున్నారు' అనే మాట మనలో చదువుకున్నవారి నోట కూడా వింటుంటాం. ఒంగోలు లెక్క చూస్తే ఆ మాట అంత సులువుగా అనలేం. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ కంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. బాప్తిస్మం కావాలని వేలమంది అడిగారు. అన్నం కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో ఆయన పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు పని ముగిసి, ఇక ఇచ్చేది ఏమీ లేదు పొమ్మన్న తరువాత కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంవత్సరం ముగిసేలోగా తొమ్మిది వేలు దాటారు. అన్నం ఉన్నప్పుడు తలుపు మూసి, అన్నం అయిపోయాక తెరిస్తే వచ్చినవారిని కూటికోసం వచ్చారనడం న్యాయమేనా?

తరువాతి రోజులు పాలూ తేనెలూ ఏమీ కావు. 1985 జూలై 17న, అప్పట్లో అదే జిల్లాలో ఉన్న కారంచేడులో చెరువు నీళ్ల దగ్గర మొదలైన గొడవ ఆరుగురు మాదిగల హత్యదాకా పోయింది. చనిపోయినవారిలో బైబిలు పేర్లు పెట్టుకున్నవారున్నారు. బతికినవారు చీరాల చేరి శిబిరంలో నెలల తరబడి ఉన్నారు. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబరులో గాని రాలేదు. అది కులం కోసం జరిగిన హత్యాకాండ, మతం కోసం కాదు, ఆ తేడా మాకు తెలుసు. అయితే నీళ్ల దగ్గర తన్నులు తిన్నవాడికి ఆ తేడాతో పనేముంది?

మన డప్పు అన్నగారి దగ్గరకు వస్తాం. తరువాత రెండు మూడుసార్లు ఆయన గదికి పోయాం. ఒకదాని మీద ఒకటి మంచాలు, ఆరుగురు మనుషులు, గోడకు మేకుకు వేలాడే సంచిలో బైబిలూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమూ. రాత్రి పని దిగి వచ్చాక ముగ్గురు నలుగురు చేరి మెల్లగా, పక్కవాడి నిద్ర చెడకుండా పాడుకుంటారు. ఆ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరిగారివి ఎన్నో ఉన్నాయి. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకున్న మనిషి ఆయన. ఆయన పాటను మాదిగ గొంతులు ఈ ఎడారిలో పాడుతుంటే వినడం మాకొక వింత అనుభవం.

అసలు ఈయన గల్ఫుకు ఎందుకు వచ్చాడన్నది ఇంకో కథ. కూతురు చదువులో గట్టిది. కాలేజీ సీటు దగ్గర సర్టిఫికెట్టు మాట వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడయిన మాల మాదిగలకు షెడ్యూల్డు కులం హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకూ ముస్లిములకూ ఆ సడలింపు రాలేదు. మన రాష్ట్రంలో వారిని బీసీ 'సి' కింద చేర్చారు. షెడ్యూల్డు కులాలకు 15 శాతం, బీసీ 'సి'కి 1 శాతం. కాగితం మీద 'హిందూ' అని రాయించుకుని ఆదివారం చర్చికి పోయేవారు ఊరూరా ఉన్నారు. వారిని మేము తప్పుపట్టం. వెలివాడ మారలేదు, బావి మారలేదు, కాగితం మాత్రం మారాలంటే ఎవరికైనా కష్టమే. జాషువా గారిని, ఆయన క్రైస్తవుడయివుండి పురాణ కథలమీద పద్యాలు రాస్తున్నాడని తన మతంవారే దూరం పెట్టారు, ఇవతలివారు కులం పేరుతో దూరం పెట్టారు. రెండు వైపులా తగిలే దెబ్బ అది.

ఈయన మాత్రం ఉన్నదే రాయించాడు. "పిల్ల పేరు కింద అబద్ధం రాసి, పిల్లను అబద్ధం ఆడొద్దని ఎట్టా చెప్పనన్నా?" అన్నాడు. సీటు ఫీజు కట్టే కోటాలో వచ్చింది. ఆ ఫీజు కోసం ఏజెంటుకు లక్షపైన అప్పుచేసి ఇక్కడికి వచ్చాడు. ఏజెంటు తీసుకోదగ్గది ముప్ఫైవేలూ పైన పన్నూ మాత్రమేనని ప్రభుత్వ నిబంధన ఉంది. ఆ సంగతి మేం చెప్పేదాకా ఆయనకు తెలియదు. నవ్వి ఊరుకున్నాడు.

శుక్రవారం పనికి పోతే చట్టం ప్రకారం మామూలు కూలికన్నా ఎక్కువ రావాలి. గదిలో మిగిలినవాళ్లు కొందరు పోతారు. ఈయన మూడేళ్లలో రెండుసార్లు మాత్రం పోయాడట, ఇంటినుంచి ఆసుపత్రి ఖర్చు మాట వచ్చినప్పుడు. ఆ రెండుసార్ల సంగతి చెప్పేటప్పుడు తలవంచుకున్నాడు.

ఇక్కడ మతానికి ఇచ్చిన చోటు గురించి ఒక మాట చెప్పాలి. మెసైమీర్‌లో అమీరు ఇచ్చిన స్థలంలో కట్టిన రోజరీ మాత చర్చిని 2008 మార్చిలో ప్రతిష్ఠించారు. ఆ ప్రాంగణంలోనే ఇతర సంఘాల ఆరాధనలూ జరుగుతాయి. బయట శిలువ ఉండదు, గంట మోగదు, ప్రచారం చట్టవిరుద్ధం. వారాంతపు సెలవు శుక్రవారం గనుక ఆదివారపు ఆరాధనను శుక్రవారానికి జరుపుకున్నారు. గోడల లోపల పదుల భాషల్లో పాట. ఈ నేలకు ఆ విశ్వాసం మరీ కొత్తదీ కాదు. ఏడో శతాబ్దంలో నినెవె ఇస్సాకు అనే ప్రసిద్ధ సన్యాసి పుట్టింది ఈ ప్రాంతంలోనే, అప్పట్లో దీనిని బేత్ ఖత్రాయే అనేవారు. 2020 మార్చిలో కరోనా వల్ల ఇండస్ట్రియల్ ఏరియాలో కొంత భాగాన్ని మూసివేసినప్పుడు ప్రార్థనా మందిరాలూ మూతపడ్డాయి. అప్పుడు ఫోను ముందు కూర్చుని పాడుకున్నామని ఈయన చెప్పాడు.

ఏషియన్ టౌన్‌నుంచి మెసైమీర్‌కు కారులో పోయేవారికి అది దూరమే కాదు. బస్సు కోసం నిలబడేవారికి దూరం. మా కార్లలో కొన్ని శుక్రవారం పొద్దున అదే దారిన, వెనక సీట్లు ఖాళీగా, చేపల మార్కెట్టుకో ఆటలకో పోతుంటాయి.

తరువాతి సంక్రాంతికి కార్యక్రమం సాయంత్రం అయిదింటికి పెట్టాం. పార్కు చీకటిపడ్డాక దొరకదని, ముగ్గుల పోటీ వెలుతురు చాలదని కమిటీలో వాదన జరిగింది. మూడు ఓట్ల తేడాతో నెగ్గాం. ఆయన ఇద్దరు గదిసాటివాళ్లతో నాలుగింటికే మా ఇంటికి వచ్చాడు. డప్పు అతికష్టం మీద ఊరునుంచి ఎవరిచేతో తెప్పించుకున్నదట, చలికి తోలు సడలింది. కాచుకోవడానికి ఇక్కడ నెగడు ఎక్కడ వేస్తాం? మా ఇంటావిడ వంటింట్లో గ్యాసు పొయ్యి వెలిగించి ఇచ్చింది. మంటకు జానెడు ఎత్తున డప్పును తిప్పుతూ, మధ్య మధ్య వేలితో కొట్టి చూస్తూ, "ఇంకొంచెం అమ్మా, ఇంకొంచెం" అంటున్నాడు. పిల్లలందరూ వంటింటి గుమ్మంలో గుమిగూడి చూస్తున్నారు.