నీళ్లు కారని లీకు

పూత మీదున్న మిర్చికి తడి ఆలస్యమైతే పూత రాలుతుంది. సరిగ్గా అప్పుడే కాలువ గట్టు మీద మోటారు తిరుగుతుంది కానీ నీళ్లు ఎక్కవు. చూస్తే పైపు మీద ఒక్క చుక్క కూడా కారదు. మరి లీకు ఎక్కడ?

డెలివరీ పైపులో ఒత్తిడి ఎక్కువ, సందుంటే నీళ్లు బయటకు చిమ్ముతాయి. సక్షన్ పైపులో బయటి గాలి కంటే ఒత్తిడి తక్కువ, అందుకే గాలి లోపలికి దూరుతుంది. మనకేమీ కనిపించదు.

కరెంటు తీసేసి, ప్రైమింగ్ నీళ్లు నిండా పొయ్యండి. ఇప్పుడు ఆ సందులోంచే నీళ్లు కారతాయి. ఎక్కడా కారకుండానే మట్టం దిగిపోతుంటే ఫుట్‌వాల్వు చూడాలి. మరల జాయింటుకు టెఫ్లాన్ టేపు చుట్టాలి. పీవీసీ అతుకైతే బాగా ఆరాక సొల్యూషన్ పూయాలి.

నీళ్లు లేకుండా తిప్పితే మోటారు సీలు కాలిపోతుంది. మెకానిక్‌ని పిలిచే ముందు ఈ పరీక్ష చేసి చూడండి.