కొత్త హార్డ్ డిస్కుకు మారిన తరువాత లినక్స్ మొదలుకాకపోతే

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• లినక్స్ మొదలయ్యే వరుసను వివరించగలుగుతారు.
• తెరపై కనిపించే సందేశాన్నిబట్టి లోపం ఎక్కడుందో గుర్తించగలుగుతారు.
• సమాచారం పోకుండా లోపాన్ని సరిచేసే క్రమాన్ని తెలపగలుగుతారు.

1. ఉపోద్ఘాతం
ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన గోదావరి నీరు పెద్దకాలువ, లాకులు, పిల్లకాలువ, బోదె దాటి చేనుకు చేరుతుంది. చేను ఎండితే రైతు కాలువంతా తవ్వడు. నీరు ఎంతవరకు వచ్చి ఆగిందో చూస్తాడు. కంప్యూటరు విషయంలోనూ అంతే.

పదవీ విరమణ తరువాత రాజమహేంద్రవరంలోని మా ఇంటి కంప్యూటరుకు కొత్త ఎస్‌ఎస్‌డి అమర్చి, ఫైళ్లన్నీ నకలు చేశాను. లినక్స్ మొదలు కాలేదు. పాత డిస్కును కూడా చెరిపి అన్నీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేయబోయి ఆగాను. ఆగకపోతే ఏళ్లనాటి పాఠాలు పోయేవి. లోపం ఫైళ్లలో లేదు, చిరునామాలో ఉంది.

2. మొదలయ్యే వరుస
ఫర్మ్‌వేర్ → గ్రబ్ → కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ → రూట్ విభాగం → ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని మిగిలిన విభాగాలు.

ప్రతి విభాగానికి యూయూఐడి అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. కొత్త విభాగాన్ని ఫార్మాట్ చేసినప్పుడు కొత్త సంఖ్య పుడుతుంది. కాని నకలు చేసిన ఫైళ్లలో పాత సంఖ్యే మిగిలిపోతుంది. ఇల్లు మారినా ఉత్తరాలు పాత డోరు నంబరుకే వెళ్లినట్లన్నమాట. డిడి ఆదేశంతో డిస్కు మొత్తాన్ని నకలు చేస్తే పాత సంఖ్యే వస్తుంది. అప్పుడు రెండు డిస్కులనూ కలిపి ఉంచితే వ్యవస్థ తికమకపడుతుంది.

3. లక్షణాలు – కారణాలు
• ‘నో బూటబుల్ డివైస్’: ఫర్మ్‌వేర్‌కు కొత్త డిస్కులో గ్రబ్ దొరకలేదు.
• ‘గ్రబ్ రెస్క్యూ’: గ్రబ్ తొలిభాగం నడిచింది, మిగిలిన భాగాలున్న విభాగం దొరకలేదు.
• ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ గుర్తు: రూట్ విభాగం దొరకలేదు. యూయూఐడి పాతది కావచ్చు, లేదా కొత్త డిస్కుకు తగిన డ్రైవరు లేకపోవచ్చు.
• 90 సెకన్లు ఆగి ‘ఎమర్జెన్సీ మోడ్’: ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత సంఖ్య మిగిలి ఉంది.

4. సరిచేసే క్రమం (డెబియన్, ఉబుంటు)
1) పాత డిస్కును తీసి భద్రపరచండి. కొత్తది వారంరోజులు సక్రమంగా నడిచేవరకు చెరపవద్దు.
2) లైవ్ యూఎస్‌బితో మొదలుపెట్టండి. కంప్యూటరు యూఈఎఫ్‌ఐ పద్ధతిలో నడిచేదైతే యూఎస్‌బిని కూడా ఆ పద్ధతిలోనే తెరవాలి.
3) బ్లక్‌ఐడి ఆదేశంతో కొత్త సంఖ్యలు రాసుకోండి.
4) రూట్, బూట్, ఈఎఫ్‌ఐ విభాగాలను, దేవ్, ప్రాక్, సిస్‌లను మౌంట్ చేసి, చ్‌రూట్‌తో లోపలికి వెళ్లండి.
5) ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో సంఖ్యలు మార్చండి. స్వాప్ వరుసను మరవవద్దు.
6) అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ ఆదేశాలను ఇదే వరుసలో నడపండి.

5. సారాంశం
సందేశం చదవండి, ఆగిన మెట్టును గుర్తించండి, ఆ మెట్టునే సరిచేయండి. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం చివరి మార్గం మాత్రమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ఫైళ్లన్నీ నకలు చేసినా లినక్స్ ఎందుకు మొదలుకాకపోవచ్చు?
2. ‘గ్రబ్ రెస్క్యూ’, ‘ఎమర్జెన్సీ మోడ్’ – వీటిలో ఏది వరుసలో ముందు వచ్చే లోపం? ఎందుకు?