చిట్టాకు కావలి

1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాను ముట్టడించి, తాను తీసికొనిపోవు ఆయుధముల వివరములను ఠాణా పుస్తకముననే వ్రాసి సంతకము చేసి వెళ్లెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి ఠాణాలు ముట్టడింపబడినవి. నర్సీపట్నము ప్రాంతమున ఈ కథ నెరుగనివారు అరుదు. ఇందు మా ప్రస్తుత విషయమునకు పనికివచ్చు సూక్ష్మ మొకటి కలదు. జరిగిన సంగతి పుస్తకమున కెక్కుట వేరు. అది తెలియవలసినవారికి సకాలమున తెలియుట వేరు. పుస్తకము తనంతట తాను లేచి పొరుగువారిని మేల్కొలుపదు.

నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, కళాశాలలు తమ లెక్కలను సర్వరు అను పెద్ద కంప్యూటరులో భద్రపరచుచున్నవి. ఆ సర్వరు కూడ ఒక దినచర్య పుస్తకమును వ్రాసికొనుచుండును. దీనినే ఈవెంట్ లాగ్ అందురు. మనము చిట్టా అందము. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. నాటినుండియు విండోస్ యంత్రములలో ఈ ఏర్పాటు కలదు. ప్రతి పద్దునకు ఒక కాలము, ఒక మూలము, ఒక సంఖ్య ఉండును. విద్యుత్తు హఠాత్తుగా పోయి యంత్రము ఆగినచో, తిరిగి లేచినపుడు 6008 సంఖ్యగల పద్దు పడును. డిస్కులో చెడిన భాగము కనబడినచో, డిస్కు పేరిట 7వ సంఖ్య పద్దు పడును.

నర్సీపట్నములో ఒక కార్యాలయ మున్నదనుకొందము. మన్యమునుండి దిగివచ్చినవారు పగలంతయు దాని గుమ్మమున నిలిచి యుందురు. అచటి సర్వరులో డిస్కు చెడుటకు మొదలిడి, పది దినములుగా 7వ సంఖ్య పద్దులు పడుచున్నవి. ఎవరును చూడలేదు. పదునొకండవ నాడు డిస్కు పూర్తిగా ఆగినది. కొండ దిగివచ్చిన వృద్ధుడు పని కాక, బస్సు ఛార్జీ నష్టపోయి వెనుకకు మరలవలెను. హెచ్చరిక పది దినములు ముందే వ్రాయబడియుండెను గదా!

ఇందుకొరకే పర్యవేక్షణ సాఫ్టువేరు ఏర్పడినది. వీనిలో ప్రసిద్ధమైనది నాగియోస్. ఈథన్ గాల్‌స్టాడ్ అను అమెరికను దీనిని 1999లో నెట్‌సెయింట్ అను పేరుతో వెలువరించెను. ఇది తాను స్వయముగా చిట్టా చదువదు. స్క్రిప్టు అను చిన్న ఆజ్ఞాపత్రమును సర్వరునొద్ద నడిపించి, దాని జవాబు నందుకొనును. జవాబునకు నాలుగు అంకెలు కలవు. 0 అనగా క్షేమము. 1 అనగా జాగ్రత్త. 2 అనగా ప్రమాదము. 3 అనగా తెలియదు.

కావలివాడు నిద్రించిన రాత్రియు, దొంగలు రాని రాత్రియు బయటివారికి ఒకే తీరున నుండును. స్క్రిప్టులోని దోషములు ప్రమాదకరమగుట ఇందువలననే. ఆ దోషములను ఒకటొకటిగా పరిశీలింతము.

మొదటిది: మాటకు అంకెకు పొత్తు కుదరకపోవుట. స్క్రిప్టు “ప్రమాదము” అని వాక్యము వ్రాయును. కాని దానిని నడిపించిన మధ్యవర్తి 0 అంకెను తిరిగి పంపును. నాగియోస్ అంకెనే నమ్మును గాని వాక్యమును కాదు. పవర్‌షెల్ స్క్రిప్టులను మరియొక ఆజ్ఞ ద్వారా నడిపించునపుడు ఇట్లు జరుగుట కద్దు. కనుక మొట్టమొదట చూడవలసినది తెరమీది వాక్యము కాదు, తిరిగివచ్చిన అంకె.

రెండవది: అధికారము. మనము పరీక్షించునపుడు యజమాని హోదాతో నడిపింతుము, అన్నియు తెరచుకొనును. పర్యవేక్షణ సాఫ్టువేరు వేరొక పేరుతో నడిపించును. భద్రతా చిట్టా తలుపు మూసియుండును. చిట్టాలను చదువువారి కొరకు విండోస్‌లో ప్రత్యేక బృందము కలదు. ఆ పేరును అందు చేర్చిన చాలును. సర్వాధికారము ఇయ్యవలసిన పని లేదు.

మూడవది: శూన్యమును అర్థము చేసికొనుట. పవర్‌షెల్‌లో చిట్టాను వెదకు ఆజ్ఞకు ఒక వింత గుణము కలదు. కోరిన పద్దు ఒక్కటియు దొరకనిచో అది దానిని తప్పుగా ప్రకటించును. ఈ బాధ పడలేక కొందరు తప్పులన్నిటిని అణచివేయు మాటను స్క్రిప్టులో చేర్తురు. అపుడు “పద్దులు లేవు” అనుటయు, “చదువుటకు వీలుపడలేదు” అనుటయు ఒకటే అయిపోయి, రెండింటికిని 0 వచ్చును. పద్దులు లేనిచో 0, చదువలేనిచో 3 అని విడదీయవలెను.

నాలుగవది మన దేశమున విశేషముగా గమనింపదగినది. చిట్టాలో కాలము అంతర్జాతీయ కాలమానమున నిలువయుండును; మన గడియారము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందున్నది. ఉదయము 10 గంటలకు స్క్రిప్టు గడచిన గంటలోని పద్దులను కోరినదనుకొనుడు. మన 9 గంటలను అంతర్జాతీయ 9 గంటలుగా భావించినచో, అది మన మధ్యాహ్నము 2.30 తరువాతి పద్దులను వెదకినట్లగును. ఇంకను జరుగని వానిని వెదకిన ఏమి దొరకును? ఎల్లపుడు క్షేమమే!

అయిదవది: వెదకు కాలము, వెదకు తరచుదనము. పదునైదు నిమిషముల కొకమారు లేచి, గడచిన అయిదు నిమిషములనే చూచు స్క్రిప్టునకు ప్రతిమారు పది నిమిషములు కనబడవు. వెదకు కాలము ఎల్లపుడు విరామము కంటె కొంచెము ఎక్కువ ఉండవలెను. ఇక చిట్టా పెద్దదైనకొలది చదువుటకు జాప్యమగును. నాగియోస్ తరఫున సర్వరునడుగు ఎన్.ఆర్.పి.ఇ. సాధనము, వేరుగా చెప్పనిచో, 10 సెకనులే వేచియుండును. గడువు పెంచుటకంటె, పద్దులను సంఖ్యతోను కాలముతోను ముందే జల్లించుట మేలు.

ఇన్నియు సరిచేసిన తరువాత ఒక పరీక్ష తప్పనిసరి. విండోస్‌లో ఈవెంట్‌క్రియేట్ అను ఆజ్ఞ కలదు. దానితో 1 మొదలు 1000 వరకుగల సంఖ్యలలో నొకదానిని ఎంచుకొని, పరీక్షార్థము ఒక తప్పు పద్దును చిట్టాలో వేయవచ్చును. స్క్రిప్టు ఆ సంఖ్యను కూడ వెదకునట్లు చేసి, హెచ్చరిక పర్యవేక్షకుని చెంతకు వచ్చునో లేదో చూడవలెను. వచ్చినచో దారి అంతయు తెరచియున్నది. రానిచో, పైని చెప్పిన అయిదింటిని అదే వరుసను మరల చూడవలెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమువద్ద తీరము దాటినపుడు, అచట విద్యుత్తు, టెలిఫోను సంబంధములు తెగిపోయినవి. అట్టి దినమున హెచ్చరిక వచ్చుటకు దారియే యుండదు. కావున సర్వరునుండి జవాబు రాకపోవుటను కూడ వార్తగానే ఎంచునట్లు పర్యవేక్షణను అమర్చవలెను. విశాఖ తీరమున మొదలైన గాలి నర్సీపట్నము చేరుటకు ఎంతో సేపు పట్టదు. నెల కొకమారు పై పరీక్ష జరుపు అలవాటున్న కార్యాలయమునకు వర్షకాలము వచ్చునాటికి తన కావలి మేల్కొనియున్నదో లేదో తెలిసియుండును.